బతికున్న మనిషికి చావు డప్పు

నేను ఒక డప్పును. పట్నంలో ఒక మ్యూజియం గోడకు, అద్దం వెనక, రెండు మేకుల మీద వేలాడుతున్నాను. నా కింద ఒక చీటీ అంటించారు: "డప్పు. వేప చట్రం, మేకతోలు. పెళ్లిళ్లలో, జాతరలలో, చావులలో వాయించేవారు." అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ చీటీ చదివినవాళ్లకు నా గురించి ఏమీ తెలియదు. వచ్చినవాళ్లు అర నిమిషం నిలబడతారు, ఫోను తీసి ఫోటో కొట్టుకుంటారు, "భలే మోగేదేమో" అని పక్కనున్న దంతపు దువ్వెనల వైపు జరిగిపోతారు. మోగాను. చాలా బాగా మోగాను. నా బాధంతా అదే.

మా ఊరు మానేరుకు దగ్గర. చుట్టూ జొన్న చేలు, చేల వెనక అడవి. మాదిగవాడలో పోశాలు అనే ఆయన నన్ను చేశాడు. వేపకర్ర ముక్కలు గుండ్రంగా కలిపి చట్రం కట్టాడు. తోలు మాత్రం గొల్లల ఇంటి నుంచి వచ్చింది. బుచ్చవ్వ అనే గొల్లామె మందలో ఒక నల్లమేక ఉండేదట. అరచేతిలో ఉప్పు పెట్టుకుని పిలిస్తే గాని దొడ్లోకి వచ్చేది కాదట. అది ముసలిదై చచ్చిపోతే బుచ్చవ్వ పొద్దంతా ఏడ్చి, మాపటికి తోలు తీసుకుపొమ్మని పోశాలుకు కబురు చేసింది. ఆయన దాన్ని సున్నంలో నానబెట్టి, బొచ్చు గీకి, చింతగింజల జిగురుతో నా చట్రానికి బిగించాడు. ఎండలో బాగా ఆరాక తాటాకు మంట మీద కాచి, కుడిచేతి కర్ర చిర్రను, ఎడమచేతి సన్న పుల్లను తీసుకుని ఒక్క దెబ్బ వేశాడు. వాడలో కోళ్లన్నీ ఎగిరి చూరెక్కాయి. "దీనికి నోరెక్కువ" అన్నాడు పోశాలు. ఆ మాటకు నేను ఏళ్ల తరబడి గర్వపడ్డాను.

కాచడం గురించి ఒక ముక్క చెప్పాలి. డప్పు తోలు తేమ పీల్చుకుంటుంది. మంచుకో ముసురుకో మెత్తబడితే, ఎంత గట్టిగా కొట్టినా తడి గోనె మీద కొట్టినట్టే ఉంటుంది. మంట దగ్గర పట్టుకుని తిప్పుతూ ఉంటే బిగుసుకుంటుంది. తక్కువ కాస్తే పలకదు, ఎక్కువ కాస్తే పగులుతుంది. ఎంతసేపు కాచాలో ఆ చేతికే తెలుసు. అంటే డప్పు దానంతట అది ఎప్పుడూ మోగదు. ప్రతిసారీ ఎవరో ఒకరు మంట వేయాలి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మనుషుల తీరు నాకు ముందునుంచీ వింతగానే ఉండేది. ఊరి దేవత ఊరేగింపుకు నేను ముందు నడవాలి. గుడి గడప దగ్గరికి వచ్చేసరికి నన్ను పట్టుకున్నవాడు ఆగిపోవాలి. పెళ్లికి నేను లేకపోతే కళ ఉండదంటారు. అన్నాలప్పుడు మాత్రం నాకు, నన్ను మోసినవాడికి దొడ్డి వెనక చోటు. అందరికీ నా చప్పుడు కావాలి, నా తోలు అక్కర్లేదు. పోశాలు ఇవన్నీ చూసి నవ్వుకునేవాడు. ఆయన కొడుకు ఓదెలు నవ్వేవాడు కాదు. నెమ్మదైన మనిషి. ఎదుటివాడి గొంతు కొంచెం పెరిగితే చాలు, తల వంచేసేవాడు.

ఆ ఓదెలుకు పోశాలు దరువులన్నీ నేర్పాడు. పెళ్లిది వేరు, జాతరది వేరు. పంట కాపలాలో పందుల దరువు అని ఒకటుండేది. అది మోగిందంటే చేలో ఉన్న జీవమేదైనా అడవి దారి పట్టాల్సిందే. ఇక చావు దరువు. దాన్ని మా ఇంట్లో తోలు మీద నేర్పేవారు కాదు. తొడ మీద వేళ్లతో నేర్పేవారు. "ఎవరన్న పోతెనే అది తోలు మీద పలకాలె" అని పోశాలు మరీ మరీ చెప్పాడు. "ఉత్తగ కొడితే ఇంక ఊరు నమ్మదు కొడుకా." ఓదెలు ఏళ్ల పాటు తొడ మీదే కొట్టుకున్నాడు. దాన్ని నా మీద మొదటిసారి పూర్తిగా కొట్టింది పోశాలు పోయిన రోజు. కొడుతూ ఏడ్చాడు. కన్నీళ్లు పడిన చోట తోలు మెత్తబడితే మళ్లీ కాచుకుని కొట్టాడు.

తర్వాత చెడ్డ రోజులు వచ్చాయి. ఎక్కడో దూరదేశాల్లో పెద్ద యుద్ధం ముగిసిందని చెప్పుకున్నారు. మా ఊళ్లో అప్పుడే మొదలైంది. పండిన గింజల్లో సగం సర్కారువాళ్లు లెవీ కింద పట్టుకుపోయేవారు. మిగిలిన సగంలో దొర వాటా ఉండనే ఉంది. ఇవ్వనివాళ్లను చెట్టుకు కట్టేవారు. బుచ్చవ్వ ఒక్కగానొక్క కొడుకు మొండయ్య దొరలకు ఎదురు తిరిగిన సంఘంలో చేరాడు. ఒక రోజు నలుగురిని వెంటేసుకుని దొర పాతర తవ్వి, ఉన్న జొన్నలన్నీ వాడవాడకూ పంచాడు. మా గుడిసెకు కూడా రెండు కుంచాలు వచ్చాయి. ఓదెలు భయపడుతూనే తీసుకున్నాడు. ఆ రాత్రి ఇంట్లో అందరూ కడుపు నిండా గట్క తిన్నారు. ఆ మరునాడే సిపాయిలు వచ్చి ఊళ్లో దిగారు, మొండయ్య, మిగతావాళ్లూ జొన్న చేలల్లోకి మాయమయ్యారు. జొన్న మనిషిని మించి ఎదిగి ఉంది. ఎంత వెతికినా దొరకలేదు.

ఓదెలుకు, మొండయ్యకు చిన్నప్పటి నుంచీ చనువు. ఆ ఎండాకాలమే ఓదెలు అతనికి కిర్రుచెప్పులు కుట్టిచ్చాడు. అవి వేసుకుని వాడంతా తిరిగి, "ఓదెలన్నా, ఇవి నా కంటె ఎక్కువ బతుకుతయే!" అని నవ్వాడు మొండయ్య. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది.

సీతాఫలాలు పండే రోజులు. ఒకనాడు పొద్దున్నే, మంచు దట్టంగా పట్టి ఉండగా పటేలు మా గుడిసెకు వచ్చాడు. పటేలు ఎప్పుడూ కేకలు వేసేవాడు కాదు. మెత్తగా మాట్లాడేవాడు.

"ఓదెలూ, డప్పు తీసుకో. దిమ్మె మీద నిలబడి చావుది కొట్టాలె."

"ఎవరు పోయిండ్రు పటేలా?"

"గొల్ల బుచ్చవ్వ."

ఓదెలు గుండె మీద చేయి వేసుకున్నాడు. "నిన్న మాపటికి గూడ నీళ్లకు పోతుంటె సూసిన గద!"

"పోలేదురా, బతికే ఉన్నది" అన్నాడు పటేలు, వానొస్తుందని చెప్పినంత మామూలుగా. "నా కొట్టంల కూసోబెట్టినం. నువ్వు చావుది కొట్టి, తల్లి పోయిందని ఒక్క కేకెయ్యి. మొండిగాడు ఎక్కడున్నా వస్తడు. వచ్చినంక నీ పనిలేదు."

"పటేలా, నీ బాంచెను, చావుది ఉత్తగ కొట్టరాదు. మా నాయిన..."

"హుకుం నాది గాదు, పైది. నేనేం జేస్త? నువ్వేం జేస్తవు? కొట్టుడు నీ పని, చంపుడు నీ పనా?"

ఇంతే జరిగింది. ఇంతకు మించి ఒక్క మాట కూడా లేదు. పటేలు వెళ్లి, నలుగురు సిపాయిలతో బుచ్చవ్వ ఇంటి దగ్గర కాపు కాశాడు. ఓదెలు వెంట ఒక్క సిపాయిని పంపారు.

ఊరి చివర, చేలకు ఎదురుగా ఒక మట్టిదిమ్మె ఉండేది. పక్కనే పటేలు గడ్డి కొట్టం. బుచ్చవ్వ ఆ కొట్టంలోనే ఉంది, బయట గొళ్లెం పెట్టి. సిపాయి మా ఊరివాడు కాదు, మా మాట కూడా సరిగా రాదు. ఏ దరువు దేనికో వాడికేం తెలుసు? వచ్చీ రాగానే తుపాకీని కొట్టం గోడకు ఆనించాడు. సంచిలోంచి సీతాఫలం తీసి, మెట్టు మీద కూర్చుని తినడం మొదలుపెట్టాడు. గింజలు ఒక్కొక్కటే ఉమ్ముతున్నాడు. నేను చూశాను. నాకు కళ్లు లేవంటారా? సరే, ఆ గింజల చప్పుడు విన్నాను.

ఓదెలు నన్ను కాచీ కాచనట్టు కాచి దిమ్మె ఎక్కాడు. కొట్టాడు. మంచుకు నా తోలు మెత్తబడి ఉంది. దరువు పైకి లేవలేదు, నాలుగిళ్ల దాకా కూడా పోయి ఉండదు. అప్పుడే కొట్టంలోంచి బుచ్చవ్వ గొంతు లేచింది. "నేను సావలేదురా మొండీ! బతికే ఉన్న! రాకురా కొడుకా!" మంద వెంట ఆ చేను నుంచి ఈ చేనుకు కేకలేసిన గొంతు అది. నా చప్పుడు కంటే ఆ గొంతే పైన ఉంది. ఓదెలు ఆగిపోయాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇక చాలు, దిగిపోదాం అనుకున్నాను.

సిపాయి గింజ ఉమ్మి, మా వైపు చూసి పెదవి విరిచాడు. "ఏం డప్పు ఇది? ఆవాజే లేదు" అన్నాడు, వచ్చీ రాని మాటల్లో. కోపంగా అనలేదు. పండు బాగా లేదన్నట్టు అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఓదెలు మొహం మారింది. నా చట్రాన్ని పట్టుకున్న చేయి బిగిసింది. అతని పనితనాన్ని అంతవరకూ ఒక్కరు కూడా వేలెత్తి చూపలేదు. వంచిన తలతో బతికిన మనిషికి పరువంటూ ఉంటే అది నా గొంతులోనే ఉంది. ఓదెలు దిమ్మె దిగాడు. తాటాకులు ఏరాడు. ఊది ఊది మంట చేశాడు. నన్ను పట్టుకుని తిప్పుతూ, వేలితో తట్టి చూసుకుంటూ, ఎంత కాచాలో సరిగ్గా అంత కాచాడు. ఎవరూ కాచమనలేదు. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను.

ఇక నా సంగతి. డప్పుకు స్వేచ్ఛ ఎక్కడిది అని తప్పించుకోవచ్చు. పటేలు హుకుం పైది అన్నాడు, సిపాయి జీతగాడు, ఓదెలు వెట్టివాడు, నేను వస్తువును. అందరం కలిసి చేసిన పనికి చేసినవాడంటూ ఒక్కడు లేకుండా పోయాడు. కానీ నా చట్రం దగ్గర, జిగురు పట్టు తప్పిన చోట, ఒక సన్నని చీలిక ఉంది. ఇంకాస్త వేడికి పగిలిపోయేదాన్నే. ఎన్నో డప్పులు పగిలాయి. నేను పగల్లేదు. వేడికి బిగుసుకుని, పోశాలు నాటి నా గొంతు తిరిగి వస్తుంటే నాకు సంతోషం కలిగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషం కలిగింది.

ఓదెలు మళ్లీ దిమ్మె ఎక్కి చావు దరువు ఎత్తుకున్నాడు. అంత బాగా నేను అంతకుముందు పలకలేదు, ఆ తర్వాతా పలకలేదు. మంచును చీల్చుకుని మానేరు దాకా పోయింది నా చప్పుడు. "గొల్ల బుచ్చవ్వ పానం ఇడిసిందో! మొండయ్యా, తల్లి మీద పిడికెడు మన్ను పొయ్యరావో!" అని ఓదెలు కేకేశాడు. కొట్టంలో బుచ్చవ్వ అరుస్తూనే ఉంది. తలుపు మీద గుద్దుతూనే ఉంది. నా గొంతు కింద ఆమె గొంతు వినిపించలేదు. ఆమె మేక తోలే ఆమె నోరు నొక్కేసింది.

చేతిలో ఉన్నది ఆ చిర్రే, ఆ పుల్లే. పందుల దరువు ఎత్తుకుని ఉంటే మొండయ్య అడవిలోకి పరిగెత్తేవాడు. పక్కనున్న సిపాయికి తేడా తెలిసేది కాదు. పటేలుకు తెలిసేది. ఆ తర్వాత గుడిసె తగలబడేదో, వీపు చీలిపోయేదో, ప్రాణమే పోయేదో నేను చెప్పలేను. ఓదెలు భయం అబద్ధమని నేను అనను. కానీ ఆ కాసేపూ ఆ దిమ్మె మీద ఓదెలు చేతిని పట్టుకున్నవాడు ఎవడూ లేడు.

మొండయ్య వచ్చాడు. సిపాయి పండు చేత పట్టుకుని కొట్టం చాటుకు జరిగాడు, ఓదెలు కొడుతూనే ఉన్నాడు. చావు జరిగిన ఇంటికి చెప్పులతో పోకూడదని గట్టు మీదే చెప్పులు విడిచి, గొంగడి నెత్తిన వేసుకుని, "అవ్వా! అవ్వా!" అని పసివాడిలా ఏడుస్తూ మా ముందు నుంచే ఊళ్లోకి పరిగెత్తాడు. ఓదెలు వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు, చావు కబురు చెప్పినవాడి మీద ఉండే నమ్మకమే ఉంది. కాసేపటికి ఇంటి దగ్గర గలాటా, తర్వాత వాగు వైపు నుంచి రెండు చప్పుళ్లు. శవాన్ని ఇవ్వలేదు. సిపాయి సీతాఫలం తొక్క పారేసి, చేతులు నా పక్కనున్న గడ్డికి తుడుచుకుని, తుపాకీ తీసుకుని వెళ్లిపోయాడు. కొట్టం గొళ్లెం తీసింది ఓదెలే. బుచ్చవ్వ బయటికి వచ్చి, అతని చేతిలో ఉన్న నన్ను చూసి, నేల మీద కూలబడిపోయింది.

మాపటివేళ ఓదెలు గట్టు దగ్గరికి పోయి ఆ చెప్పులు తెచ్చాడు. బుచ్చవ్వకు ఇవ్వడానికి ధైర్యం చాలక, మా గుడిసెలో నా వెనకే చూరులో దోపాడు. ఏళ్ల తరబడి ఆ చెప్పులూ నేనూ ఒకే చూరు కింద ఉన్నాం.

ఒకటి రెండు ఏళ్లకు రాజ్యం మారింది. పటేలు తల మీద టోపీ కూడా మారింది. ఊరివాళ్లు కూడి, "ఆనాడు డప్పెందుకు కొట్టినవు?" అని ఓదెలును అడిగారు. "పక్కన సిపాయి ఉండె" అన్నాడు ఓదెలు. ఎవరో జాలిపడి, "తుపాకి పెట్టిండేమో" అన్నారు. ఓదెలు కాదనలేదు. మరుసటేడు ఆ తుపాకి వీపుకు గుచ్చుకుంది. ఇంకో ఏడుకు నెత్తి మీదికి ఎక్కింది. చివరికి ఓదెలు కూడా దాన్ని నమ్మాడనే అనుకుంటాను, నిద్రలో కలవరించడం తగ్గింది. ఊరు క్షమించింది. క్షమించినా, ఆనాటి నుంచి చావు డప్పు మోగితే కబురు నమ్మి కదిలినవాడు ఒక్కడు లేడు. ముందు ఒకరు పోయి శవాన్ని చూసి వచ్చేవారు. పోశాలు చెప్పినట్టే అయింది.

ఇరవై ఏళ్లు గడిచాయి. బుచ్చవ్వ మంచం పట్టి, ఓదెలును రమ్మని కబురు పంపింది. ఓదెలు చెప్పులు చూరులోంచి తీసి గుడ్డలో చుట్టుకున్నాడు, ఏం తోచిందో నన్నూ భుజానికి వేసుకున్నాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఓదెలూ, పోయేముందు ఒక్కటి అడుగుత, నిజం చెప్పు" అంది బుచ్చవ్వ. "తుపాకి నీ నెత్తి మీద పెట్టిండ్రా?"

ఓదెలు నా చట్రాన్ని వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు.

"లేదవ్వా" అన్నాడు చివరికి. "గోడకు ఆనిచ్చి ఉండె."

"మరి వాడేం జేస్తుండె?"

"సీతాఫలం తింటుండె."

ఇంకేమీ దాచలేదు. మెత్తగా పలికిన మొదటి దరువు, సిపాయి అన్న మాట, తాను రెండోసారి కాచిన సంగతి, అన్నీ చెప్పేశాడు. చెప్పి, గుడ్డ విప్పి చెప్పులు ఆమె ముందు పెట్టాడు. బుచ్చవ్వ ఒక చెప్పును తీసుకుని, లోపల చేయి పెట్టి, అట్టను వేళ్లతో తడిమి చూసింది. "అరగనే లేదు" అంది. ఓదెలు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. ఏడవడం ఎప్పుడో అయిపోయినట్టుంది.

"నేను పోయినంక డప్పు కొట్టకు" అంది. "నాది ఒక్కపారి కొట్టినవు గద. మల్ల ఎందుకు?"

రెండు రోజులకు ఆమె పోయింది. మా ఊళ్లో డప్పు లేకుండా లేచిన మొదటి పాడె అది. ఓదెలు నన్ను భుజాన వేసుకుని, చిర్ర లేకుండా, ముందు నడిచాడు. చెప్పులను ఆమెతోపాటే గుంతలో పెట్టారు. ఉత్త కాళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. నా జీవితంలో అంత పెద్ద చప్పుడు నేను వినలేదు.

ఆ తర్వాత ఓదెలు నన్ను కాచలేదు. ఎన్నికలొచ్చి పటేలు మనిషిని పంపితే పోలేదు. పటేలే స్వయంగా వచ్చి, "ఓదెలూ, రేపు మీటింగుకు డప్పు కావాలె" అన్నాడు, అదే మెత్తని గొంతుతో. "కొట్టను పటేలా" అన్నాడు ఓదెలు. పటేలు కళ్లద్దాలు తుడుచుకుని వెళ్లిపోయాడు. అంతే. గుడిసె కాలలేదు, వీపు చీలలేదు. కాలం మారింది గనుక ఏమీ కాలేదని సరిపెట్టుకోవచ్చు. ఓదెలు సరిపెట్టుకోలేదు. ఆ రోజు పొద్దుగూకేదాకా గడప మీద కూర్చుని, "గింతేనా, గింతేనా" అని తనలో తను గొణుక్కున్నాడు. పోయేదాకా ఆ మాట అతన్ని వదల్లేదు.

ఓదెలు కూతురు సమ్మక్క నన్ను మ్యూజియం వాళ్లకు ఇచ్చేసింది. "ఇంట్లుంటె మా నాయిన ఏడుపే యాదికొస్తది" అని ఊరుకుంది, ఇంకేం చెప్పలేదు. అందుకే చీటీ మీద అంతే రాశారు.

మొన్న వానాకాలంలో ఒక కళాకారుణ్ణి తీసుకొచ్చి నన్ను కిందికి దించారు. చూడటానికి వచ్చినవాళ్ల ముందు వాయించాలట. అతను వేలితో తట్టి చూశాడు. "మెత్తబడ్డది సార్. ఒక్కసారి కాస్తె మల్ల పలుకుతది" అన్నాడు. లోపల మంట పెట్టడానికి రూలు ఒప్పుకోదని ఆఫీసరు చెప్పాడు. ఆ రూలు రాసినవాళ్లెవరో గాని వాళ్లకు వేయి దండాలు. నన్ను మళ్లీ మేకులకు తగిలించి వెళ్లిపోయారు.

ఈ గోడకు తేమ ఎక్కువ. నా తోలు రోజు రోజుకూ వదులవుతోంది. ఇలాగే ఉండనివ్వండి. ఆ పొద్దున నేను ఇంత మెత్తగా ఉండిపోయి ఉంటే, ఒక తల్లి గొంతు జొన్న చేను దాకా వినపడేది.